స్ప్రింగా, డాట్‌నెట్టా అని అడిగేముందు మీ నాయనమ్మ పేరు టైప్ చేసి చూడండి

ప్రశ్న: "పెద్ద కంపెనీలు వాడే మల్టీ-టైర్ వెబ్ అప్లికేషన్లు కట్టడం నేర్చుకోవాలి. స్ప్రింగా, డాట్‌నెట్టా, జాంగోనా? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?"

ఏదైనా ఒకటే, మూడూ అంచెలంచెలుగా (అదే మల్టీ-టైర్) వెబ్ అప్లికేషన్లు కట్టుకునే ఫ్రేమ్‌వర్కులే. నేను స్ప్రింగ్ మీద బతుకుతున్నాను కాబట్టి స్ప్రింగ్ అంటాను, డాట్‌నెట్ మీద బతికేవాడు డాట్‌నెట్ అంటాడు. మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలని ఉంది, అదే చెప్తాను.

మాది పర్లాకిమిడి, ఒడిశా గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ. 2016లో హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూనే మా ఊరి బియ్యం హోల్‌సేల్ వ్యాపారి ఒకాయనకి బిల్లింగ్ అప్లికేషన్ కట్టాను. ఆయనకి నాలుగు చోట్ల గోడౌన్లు. నా డిజైన్ అంతా అమీర్‌పేటలో బోర్డు మీద గీసి చూపించిన బొమ్మే. పైన పేజీలు, మధ్యలో స్ప్రింగ్, కింద జావా ఆబ్జెక్టుల్ని టేబుళ్లలోకి పంపే హైబర్‌నేట్, అడుగున మైఎస్‌క్యూఎల్ డేటాబేసు. డబ్బాల గురించి మూడు నెలలు చెప్పారు. డబ్బాల మధ్య బాణాల గురించి మూడు నిమిషాలు కూడా చెప్పలేదు.

మొదటిరోజే షాపు గుమస్తా దగ్గర్నుంచి ఫోన్. "బాబూ, ఏటిది? పేర్లన్నీ పురుగులు పట్టినట్టున్నాయి." తెరిచి చూస్తే నిజమే. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఎ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ఎ, మళ్లీ డిగ్రీ గుర్తు. ఒడియా పేర్లకైతే డిగ్రీ బదులు వంగిన గీత. తర్వాత అర్థమైంది: అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు, అందులో ఒకటైన యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, అందులో మొదటి రెండూ చాలా అక్షరాలకి ఒకటే. ఫారం పంపిన బైట్లు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉన్నాయో చెప్పకపోతే, సర్వర్లో అప్లికేషన్ని నడిపే టామ్‌క్యాట్ ఒక్కో బైటునీ ఒక్కో లాటిన్ అక్షరంగా చదువుకుంటుంది. అది చెప్పే ఫిల్టర్ (ఫారం అప్లికేషన్‌కి చేరేముందు దాటే మెట్టు) నేను పెట్టకపోలేదు. కానీ లాగిన్ ఫిల్టర్‌కి కింద పెట్టాను. లాగిన్ ఫిల్టర్ ముందే ఫారం చదివేస్తే, ఆ తర్వాత ఎన్‌కోడింగ్ చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. నా ల్యాప్‌టాప్‌లో ఎందుకు బయటపడలేదంటే, విసుగొచ్చి లాగిన్ తీసేసి టెస్ట్ చేశాను కాబట్టి.

ఫిల్టర్‌ని పైకి జరిపాను. ఆ సాయంత్రం గుమస్తా 63 మంది ఖాతాదార్ల పేర్లు మళ్లీ కొట్టాడు. సేవ్ అయ్యాక వచ్చే పేజీలో ప్రతి పేరూ ముత్యంలా కనిపించింది. నేను హాయిగా పడుకున్నాను.

పొద్దున్నే మళ్లీ ఫోన్. "నిన్న సాయంత్రం రాసినోళ్లందరూ ఇయ్యాల ప్రశ్నలైపోయారు బాబూ." బిల్లు మీద పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు. ఊరి పేరు దగ్గర కూడా అవే.

సేవ్ అయ్యాక కనిపించిన పేరు డేటాబేసు నుంచి వచ్చింది కాదు, మెమరీలో ఇంకా బతికున్న జావా ఆబ్జెక్టుది. కింద సర్వర్లో మైఎస్‌క్యూఎల్ 5.5. దాని డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ లాటిన్-1, పశ్చిమ యూరప్ భాషల కోసం చేసింది. జావా డేటాబేసుని పట్టుకునే అడ్రసులో, అంటే జేడీబీసీ యూఆర్‌ఎల్‌లో, నేను ఎన్‌కోడింగ్ రాయలేదు. లాటిన్-1లో తెలుగు అక్షరానికి చోటు లేదు, అందుకని ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంది. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. పురుగులు పట్టిన పేరులో కనీసం కొన్ని బైట్లైనా మిగులుతాయి, ప్రశ్నార్థకంలో ఏమీ మిగలదు. పై అంచె బాగుచేశాకే కింది అంచె తప్పు బయటపడిందన్నమాట.

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే తెలుగే రాయాలని ఆయన జీవితమంతా కొట్లాడితే, నేను అదే ఊళ్లో జనం పేర్లు కూడా రాయలేకపోయాను.

డాట్‌నెట్ వాళ్లు నవ్వక్కర్లేదు. మీ ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేసులో మామూలు కొలేషన్‌తో (అక్షరాల సెట్టింగు) వార్‌చార్ రకం కాలమ్ పెట్టి తెలుగు పేరు వేసి చూడండి, అవే ప్రశ్నార్థకాలు. అన్ని భాషలూ పట్టే ఎన్‌వార్‌చార్ పెట్టాలని కోర్సులో ఎవరు చెప్తారు? వాళ్ల ఉదాహరణల్లో అందరూ జాన్, స్మిత్. పలాస నుంచి వచ్చిన కుర్రాడు కూడా జాన్ పేరుతోనే ప్రాజెక్టు చేసి, పాసై వెళ్లిపోతాడు. ఇప్పుడు ఇంకో పిచ్చి, అప్లికేషన్ని చిన్న చిన్న ముక్కలు చేసే మైక్రోసర్వీసులు. నాలుగు డబ్బాల మధ్య బాణాలే సరిగ్గా పెట్టలేనివాడికి పదిహేను డబ్బాలు.

తర్వాత రెండేళ్లకి గుణుపూర్ వైపు మాస్టారొకాయన సవర పదాల పట్టిక పెట్టడానికి చిన్న సైటు కావాలన్నారు. సవర భాషకి నిఘంటువు రాసిందీ గిడుగు గారే, అది వేరే సంగతి. ఈసారి నాకు అన్నీ తెలుసనుకున్నాను. టేబుల్ యూటీఎఫ్8, యూఆర్‌ఎల్‌లో ఎన్‌కోడింగ్, ఫిల్టర్ అన్నిటికన్నా పైన. తెలుగు వెళ్లింది, ఒడియా వెళ్లింది, సవర దగ్గర ఎర్రర్ కొట్టింది. సవర రాయడానికి 1936లో మంగేయి గొమాంగో తయారుచేసిన సొరంగ్ సొంపెంగ్ లిపి, కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లోకి 2012లో ఎక్కింది. దాని అక్షరానికి నాలుగు బైట్లు కావాలి. మైఎస్‌క్యూఎల్ యూటీఎఫ్8 అని పిలిచేది మూడు బైట్లకే సరిపోతుంది. నాలుగు పట్టాలంటే యూటీఎఫ్8ఎంబీ4 అని రాయాలి. ఎమోజీలకి కావాలని అందరూ చెప్తారు, మా జిల్లా భాషకి కావాలని ఎవరూ చెప్పరు.

ఇప్పుడు స్ప్రింగ్‌ని ముందే అమర్చి ఇచ్చే స్ప్రింగ్ బూట్ ఆ ఫిల్టర్‌ని తనే పెట్టేస్తుంది, మైఎస్‌క్యూఎల్ 8లో డిఫాల్ట్ కూడా మారింది. కానీ ఉద్యోగంలో చేరితే మీ చేతికిచ్చేది కొత్త ప్రాజెక్టు కాదు, ఎవరో ఎప్పుడో కట్టిపోయిన టేబుళ్లు. అందుకే ఏ ఫ్రేమ్‌వర్క్ పట్టుకున్నా, లాగిన్ పేజీ అందంగా చెయ్యకముందే ఒక ఫారం, ఒక టేబుల్ పెట్టి మీ నాయనమ్మ పేరు అటు నుంచి ఇటు తెప్పించండి. సర్వర్ ఆపి, మళ్లీ లేపి చూడండి. దారిలో పేరు ఎక్కడ చెడితే ఆ అంచె గురించి చదువుకోండి. నా మటుకు నేను నేర్చుకున్నదంతా అలాగే.

ఆ 63 పేర్లూ గుమస్తా మూడోసారి కొట్టాడు, ఎర్రట్ట ఖాతా పుస్తకం పక్కన పెట్టుకుని. "మా పుస్తకానికి ఏ సెట్టింగూ అక్కర్లేదు బాబూ" అన్నాడు. మొన్న దసరాకి వెళ్లినప్పుడు చూశాను, ఆ పుస్తకం గల్లాపెట్టె మీదే ఉంది. ఇంకా రాస్తూనే ఉన్నాడు.