తనిఖీకి సిద్ధం కావలసినవి ఫైళ్లా, వార్డులా?

ప్రశ్న: మాది 150 పడకల ఆసుపత్రి. అక్రిడిటేషన్ (నాణ్యతా ప్రమాణాలు పాటిస్తున్నామన్న గుర్తింపు) తనిఖీకి ఇంకా మూడు నెలల గడువుంది. విధివిధానాల పత్రాలను మరో ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న నమూనా ప్రకారం తయారు చేయించాము. నర్సులకు ప్రశ్నలు, జవాబులు అచ్చువేయించి ఇచ్చి కంఠస్థం చేయిస్తున్నాము. అయినా ఎక్కడో లోటు ఉందనిపిస్తోంది. మిగిలిన సమయాన్ని దేనికి వెచ్చించాలి?
– నాణ్యతా విభాగం బాధ్యురాలు

జవాబు: మీ అనుమానం సరైనదే. తనిఖీకి వచ్చినవారు ఫైళ్లు చూసినా, వారి అసలు పని వార్డుల్లోనే జరుగుతుంది. ఒక రోగి కేస్ షీటును చేతిలోకి తీసుకుని, ఆ రోగి అత్యవసర విభాగంలో అడుగుపెట్టినప్పటి నుంచి ల్యాబ్, ఆపరేషన్ థియేటర్, ఐసీయూ మీదుగా వార్డుకు చేరేవరకు ఎక్కడెక్కడికి వెళ్లారో అక్కడికల్లా తామూ వెళ్లి, అక్కడ పనిచేసేవారిని అడుగుతారు. దీనినే ట్రేసర్ పద్ధతి అంటారు. ఈ పద్ధతి ముందు కంఠస్థం చేసిన జవాబు నిలవదు. రెండో ప్రశ్నకే తడబాటు బయటపడుతుంది.

అరువు తెచ్చుకున్న పత్రాలు అంతకన్నా ప్రమాదకరం. కొత్తగా చేరిన రోగిని నర్సు 30 నిమిషాల్లో పరీక్షించి వివరాలు నమోదు చేయాలని ఆ నమూనాలో ఉండి, మీ వార్డులో దానికి రెండు గంటలు పడుతుంటే, మీరు సంతకం చేసిన పేజీయే మీ మీద సాక్ష్యమవుతుంది. కాబట్టి ముందుగా ప్రతి విధానాన్నీ దానిని రోజూ అమలుచేసే నర్సు, టెక్నీషియన్ల ఎదుట చదివించి, జరగనిది ఏదో వారితోనే చెప్పించండి. ఆ తర్వాత ప్రమాణం కోరేదానికి తగ్గకుండా, మీరు నిజంగా చేయగలిగినదే రాయించండి.

తర్వాత వారానికి రెండుసార్లు మీరే ట్రేసర్ నడపండి. కేస్ షీటును ఎవరూ ఎంచి ఇవ్వకూడదు; చేతికి అందినదే తీసుకోండి. మందు ఇచ్చే ముందు రోగిని పడక సంఖ్యతో కాకుండా, పేరు, రిజిస్ట్రేషన్ నంబరు వంటి రెండు ఆధారాలతో గుర్తిస్తున్నారా? పలుచన చేయకుండా ఇస్తే ప్రాణం తీసే గాఢమైన పొటాషియం క్లోరైడ్ మామూలు మందులతో కలిసి వార్డు అలమరాలో ఉందా? టీకాలు, ఇన్సులిన్ ఉంచిన ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నట్లు సెలవు రోజుల్లోనూ ఎవరైనా రాస్తున్నారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన శస్త్రచికిత్స భద్రతా జాబితాను ప్రత్యేకంగా చూడండి. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగి థియేటర్ విడిచే ముందు అని అది మూడు దశలుగా ఉంటుంది. మూడు దశలకూ ఒకే చేతిరాతతో, ఒకే ఊపులో టిక్కులు పడి ఉంటే దానిని ఎప్పుడు నింపారో వేరే చెప్పనక్కరలేదు. క్రాష్ కార్ట్ (అత్యవసర మందులు, పరికరాలు ఉంచే బండి) రిజిస్టరులో మరుసటి రోజు సంతకం కూడా ముందుగానే చేసి ఉండడం నేను ఒకచోట కళ్లారా చూశాను.

రాత్రి డ్యూటీ వారిని, పారిశుద్ధ్య సిబ్బందిని చాలామంది శిక్షణలో మరచిపోతారు. నేల మీద రక్తం ఒలికితే ఏం చేస్తారని తనిఖీ బృందం అడిగేది తరచుగా వారినే. అగ్నిప్రమాదంపై మాక్ డ్రిల్‌ను కూడా ఒకసారి రాత్రివేళ, మనుషులు తక్కువగా ఉన్నప్పుడు నిర్వహించి చూడండి.

లోపాలు కనిపిస్తే బెంబేలెత్తవద్దు. 1918లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ అనే శస్త్రవైద్యుల సంఘం వంద పడకలు, అంతకు మించి ఉన్న 692 ఆసుపత్రులను పరిశీలిస్తే, అప్పటి కనీస ప్రమాణాన్ని అందుకున్నవి 89 మాత్రమే. ఆ ప్రమాణమంతా ఒక్క పేజీలో ఇమిడేది. రోగుల రికార్డులు పూర్తిగా, సరిగ్గా ఉండాలన్న నియమం అందులోనూ ఉంది.

ప్రశ్న: పాత కేస్ షీట్లలో డాక్టర్లు వదిలేసిన సంతకాలను, సమయాలను ఇప్పుడు కూర్చోబెట్టి నింపించవచ్చా?
– మెడికల్ రికార్డ్స్ ఉద్యోగి

జవాబు: నింపించకూడదు. పాత తేదీ వేసి ఇప్పుడు రాయడం రికార్డును తారుమారు చేయడమే. వైద్యపరంగా తప్పనిసరైన సమాచారం ఏదైనా చేర్చవలసి వస్తే, ఆలస్యంగా చేర్చినదని స్పష్టంగా పేర్కొని, రాస్తున్న రోజు తేదీ, సమయం వేసి, సంబంధిత డాక్టరే సంతకం చేయాలి. మిగిలినవాటిని ఉన్నవి ఉన్నట్లే ఉంచి, నెలనెలా కొన్ని కేస్ షీట్లను ఆడిట్ చేసి, ఏ విభాగంలో ఎన్ని ఖాళీలు ఉన్నాయో లెక్కగట్టి, ఆ లెక్కను ఆయా విభాగాధిపతులకు లిఖితపూర్వకంగా పంపండి. ఖాళీలు నెలనెలకూ తగ్గుతున్నట్లు చూపే ఆ కాగితాలను తనిఖీ రోజున మీరే ముందుగా బల్లమీద పెట్టవచ్చు.