మిడ్‌ఫీల్డర్ గురించి రాయబోయే తమ్ముడికి

తమ్ముడూ,

క్రొయేషియా ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం మధ్యలో ఆడే లూకా మోడ్రిచ్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం బాగా నడుస్తోంది, చదివించే గుణం ఉంది. కానీ అతని పేరు తీసేసి వేరే ఎవరి పేరు పెట్టినా సగం పేరాలు చెల్లిపోతాయి. ‘మైదానాన్ని శాసించాడు’, ‘జట్టుకు గుండెకాయలా నిలిచాడు’, ‘అద్భుతమైన చూపు’ లాంటివి ఎవరికైనా అతుకుతాయి. మిగతా సగం కప్పుల జాబితా: యూరప్ క్లబ్‌ల పోటీ చాంపియన్స్ లీగ్‌లు ఆరు, ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ 2018లో, స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్‌లో 28 ట్రోఫీలు. అన్నీ నిజమే. అన్నీ చదివాక కూడా, కాలి దగ్గరికి బంతి వస్తే ఈ మనిషి ఏం చేస్తాడో పాఠకుడికి తెలియదు.

స్ట్రైకర్ గురించి రాయడం తేలిక. గోల్స్ వరసగా చెప్పుకుంటూ పోతే కథ దానంతటదే నడుస్తుంది. మోడ్రిచ్ రియల్ మాడ్రిడ్‌కు ఆడిన 597 మ్యాచ్‌ల్లో 43 గోల్స్ కొట్టాడు, దాదాపు పద్నాలుగు మ్యాచ్‌లకు ఒకటి. ఆ లెక్కలో అతని విలువ దొరకదు. మనం క్రికెట్ చదువుతూ పెరిగినవాళ్లం. వేసిన ప్రతి బంతీ ఎవరో ఒకరి ఖాతాలో పడటం మనకు అలవాటు. మిడ్‌ఫీల్డర్ పనిలో ఎక్కువ భాగం ఎవరి ఖాతాలోనూ పడదు. కాబట్టి అతని కెరీర్ రాసేటప్పుడు ప్రతి దశలో రెండు ప్రశ్నలు వేసుకో. ఆ వయసులో మైదానంలో ఎక్కడ నిలబడ్డాడు? బంతి వచ్చేసరికి తనకోసం ఎంత సమయం మిగుల్చుకున్నాడు? కప్పులన్నీ ఆ జవాబుల వెనకే నడుస్తాయి.

నీ వ్యాసంలో ఒక్క వాక్యంతో దాటేసిన మ్యాచ్‌నే తీసుకో. 2018 జులై 1, నిజ్నీ నోవ్‌గొరోడ్, ప్రపంచకప్‌లో డెన్మార్క్‌తో నాకౌట్. 116వ నిమిషంలో మోడ్రిచ్ కొట్టిన పెనాల్టీని డెన్మార్క్ గోల్‌కీపర్ కాస్పర్ ష్మైకెల్ ఆపేశాడు. తర్వాత షూటౌట్‌లో మోడ్రిచ్ మళ్లీ వచ్చి గోల్ కొట్టాడు. నువ్వు రాసింది అంతే, పత్రికలూ దాదాపు అంతే రాశాయి. అసలు ఆ పెనాల్టీ ఎలా వచ్చింది? రెండు జట్లూ రెండు గంటలుగా పరిగెత్తి డస్సిపోయిన సమయంలో, డిఫెన్స్‌ను చీల్చుకుంటూ క్రొయేషియా ఆటగాడు రెబిచ్‌కు ఒక పాస్ వెళ్లింది. రెబిచ్ గోల్‌కీపర్‌ను కూడా దాటేశాక వెనక నుంచి పడగొట్టారు. ఆ పాస్ ఇచ్చింది మోడ్రిచ్చే. పెనాల్టీ గోల్ కాలేదు గనక ఆ పాస్‌కు స్కోరుకార్డులో చోటు లేదు. లెక్కల్లో అతనికి మిగిలింది ఒక వైఫల్యం. ఇలాంటివి వెతికి పట్టుకోవడానికే మనం ఉన్నది.

అవి పట్టుకోవాలంటే మ్యాచ్‌ను మూడుసార్లు చూడాలి. మొదటిసారి మామూలుగా, ఎవరు గెలిచారో తెలుసుకోవడానికి. రెండోసారి అతన్నొక్కడినే, పదిహేను నిమిషాల ముక్కలుగా. కాగితం మీద ఎనిమిది గడుల పట్టిక గీసుకో: నిమిషం, సెకను; మైదానంలో ఏ భాగంలో అందుకున్నాడు; ముఖం ఏ గోల్ వైపు ఉంది; బంతి రాకముందు తల ఎన్నిసార్లు తిప్పి చూశాడు; ఏ కాలితో ఆపాడు; ఎన్ని టచ్‌లు; ఎవరికి ఇచ్చాడు; అందుకున్నవాడి ముందు ఎంత ఖాళీ ఉంది. కొత్తవాళ్లు చివరి గడిని వదిలేస్తారు, అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. పాస్ చేరడం ఒక్కటే చాలదు. చేరినవాడు తిరిగి ముందుకు పోగలిగాడా, లేక వీపు మీద ప్రత్యర్థిని మోస్తూ వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చిందా అన్నది చూడాలి. పదిహేను నిమిషాల ఆటకు ఒక గంట పడుతుంది, తొందరపడకు. మూడోసారి ప్రత్యర్థులను చూడు. అతని మీదికి ఎవరు వస్తున్నారు, ఎంత దూరం నుంచి, ఏ నిమిషం దాటాక ఆ పరుగు తగ్గింది?

ఇక్కడ దెబ్బతీసేది టీవీ కెమెరా. అది బంతి వెంట పోతుంది. మిడ్‌ఫీల్డర్ తల తిప్పి చూసే క్షణంలో అతను తరచూ తెర బయటే ఉంటాడు. ఆ గడిలో ‘కనపడలేదు’ అని రాయి, ఊహించి అంకె వేయకు. రీప్లే నడుస్తుండగా పోయిన ఆటకూ అంతే. హైలైట్స్ చూసి మాత్రం ఏదీ రాయకు. అవి గోల్‌కు నాలుగైదు సెకన్ల ముందు మొదలవుతాయి, అప్పటికి మన మనిషి పని అయిపోయి ఉంటుంది.

కంటికి సాధన కావాలంటే గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలోనో, మీ ఊరి కాలేజీ గ్రౌండ్‌లోనో ఏ మ్యాచ్ జరిగినా వెళ్లు. గోల్ దగ్గర సీటు కోసం పాకులాడకు, మధ్యగీతకు ఎదురుగా ఎంత పై మెట్టు దొరికితే అంత మంచిది. ఒక సగం పాటు బంతిని చూడకుండా ఒక మిడ్‌ఫీల్డర్‌నే చూడు. మొదట్లో చూపు జారి బంతి మీదికే పోతుంది. పట్టు చిక్కాక, బంతి ఎటు రాబోతోందో అతని భుజాలను బట్టే చెప్పగలుగుతావు.

చూసింది కాగితం మీద పెట్టడం ఇంకో పని. రియల్ సహచరుడు రోడ్రిగోకు మోడ్రిచ్ ఇచ్చిన ఆ పాస్‌ను నువ్వు ‘మాయాజాలం’ అని తేల్చేశావు. 2022 ఏప్రిల్ 12, చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ రెండో మ్యాచ్. లండన్‌లో 3-1తో గెలిచి వచ్చిన రియల్ తమ సొంత మైదానం బెర్నబ్యూలో లండన్ క్లబ్ చెల్సీకి 0-3తో వెనకబడింది. మొత్తం కలిపితే 3-4, అంటే ఇంటికి పోవడమే. 80వ నిమిషంలో మోడ్రిచ్ పెనాల్టీ బాక్స్ బయట ఎడమ వైపున ఉన్నాడు. అప్పుడే సబ్‌స్టిట్యూట్‌గా దిగిన రోడ్రిగో అవతలి వైపు నుంచి గోల్ మీదికి పరిగెత్తుతున్నాడు. మోడ్రిచ్‌ది కుడికాలు. ఎడమ పక్క నుంచి కుడిపాదం లోపలి వైపుతో ఎత్తి కొడితే బంతి గోల్ వైపు వంగి కీపర్ చేతుల్లోకి పోతుంది. ఎడమకాలికి మార్చుకుందామంటే ఇంకో అడుగు వేయాలి, ఆ అడుగులోపు డిఫెండర్లు సర్దుకుంటారు. అందుకే కుడిపాదం బయటి అంచుతో కొట్టాడు. బంతి డిఫెండర్ల తలల మీదుగా వెళ్లి, కీపర్‌కు దూరంగా వంగుతూ, పరిగెత్తే రోడ్రిగో కాలి దగ్గర దిగింది. రోడ్రిగో నేల తాకనివ్వకుండానే గోల్ చేశాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంజెమా తలతో ఇంకొకటి కొట్టాడు. మొత్తం 5-4, చెల్సీ ఇంటికి.

ఎందుకు అలాగే కొట్టాలో, వేరేలా కొడితే ఏమయ్యేదో చెప్పాక పాఠకుడు తనంతట తానే ‘అబ్బా’ అనుకుంటాడు. నువ్వు ముందే అనేస్తే అతనికి ఏమీ మిగలదు. ఇంకో మాట, బయటి అంచుతో తగిలేది పాదంలో సన్నటి భాగమే. చీలమండ బిగించి ఉంచాలి, కాస్త తేడా వచ్చినా బంతి గీత బయటకు పోతుంది. ఆ ప్రమాదం కూడా రాస్తేనే పాస్ విలువ తెలుస్తుంది.

ఇక కెరీర్ కట్టడం. ప్రతి సీజన్‌కూ సమానంగా ఒక పేరా ఇవ్వడం నువ్వు చేసిన పెద్ద పొరపాటు. 2005 నుంచి 2008 దాకా క్రొయేషియా క్లబ్ దినమో జాగ్రెబ్‌లో మూడు లీగ్ టైటిళ్లు గెలిచాడన్నది ఒక వాక్యంలో పోతుంది. అతని ఆట మారిన చోట్ల ఆగు. 18 ఏళ్ల వయసులో లోన్ మీద బోస్నియాలోని జ్రిన్స్‌కీ మోస్తార్‌కు వెళ్లి ఆ లీగ్‌లోనే ఉత్తమ ఆటగాడనిపించుకున్నాడు. మోటు ఆటకు పేరుపడ్డ ఆ లీగ్‌లో సన్నటి కుర్రాడు ఎలా నెగ్గుకొచ్చాడన్నది ఒక ఘట్టం. 2008లో ఇంగ్లండ్ క్లబ్ టోటెన్‌హామ్‌కు వెళ్లాక చాలాకాలం ఎడమ అంచున ఆడించారు. మధ్యలో వేస్తే తోసేస్తారని భయం. 2009 ఆగస్టులో కాలి ఎముక విరిగి నెలల తరబడి ఆడలేదు. తర్వాత మధ్యలోకి వచ్చి, డిఫెండర్ల దగ్గరే బంతి అందుకుని జట్టును నడిపించే మనిషయ్యాడు. అంచు నుంచి మధ్యకు జరిగిన ఆ జరగడమే అతన్ని మాడ్రిడ్‌కు చేర్చింది. ఈ భాగానికి నువ్విచ్చింది మూడు వరుసలు, కనీసం రెండు పేజీల సరుకు అది.

మాడ్రిడ్ మొదటి సీజన్‌నూ దాటవేయకు. 2012 ఆగస్టు చివర్లో చేరాడు, అంటే జట్టుతో కలిసి సీజన్ ముందు సాధన దాదాపు లేదు. డిసెంబరులో స్పెయిన్ క్రీడాపత్రిక మార్కా పాఠకుల ఓటింగ్‌లో లీగ్‌లోనే అతి చెత్త కొనుగోలుగా తేలాడు. 2013 మార్చి 5న మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో రియల్ ఒక గోల్ వెనకబడి ఉండగా, యునైటెడ్ ఆటగాడు నాని రెడ్ కార్డుతో 56వ నిమిషంలో బయటికెళ్లాడు. 59వ నిమిషంలో మోడ్రిచ్ దిగాడు, 66లో దూరం నుంచి కొట్టిన గోల్ పోస్టుకు తగిలి లోపలికెళ్లింది. నువ్వు గోల్ గురించే రాశావు. దిగినప్పటి నుంచి గోల్ దాకా ఉన్న ఏడు నిమిషాలు చూడు. యునైటెడ్‌కు ఒక మనిషి తగ్గాడు, మధ్యలో చోటు దొరికింది, ఆ చోటులోకి ఎవరు ఎలా వచ్చారన్నదే అక్కడి కథ.

2015 తర్వాత రియల్ మిడ్‌ఫీల్డ్‌లోని కాసెమిరో, క్రోస్, మోడ్రిచ్ ముగ్గురినీ కలిపే రాయాలి. వెనక కాసెమిరో కాపలా, ఎడమ పక్క క్రోస్, కుడి పక్క మోడ్రిచ్. వెనక కాసెమిరో ఉన్నాడు గనకే మోడ్రిచ్ తన చోటు వదిలి ముందుకు పోగలిగేవాడు. క్రొయేషియాకూ ఇదే సూత్రం. 2018 ప్రపంచకప్‌లో నైజీరియాతో మొదటి మ్యాచ్‌లో మోడ్రిచ్, ఇంకో మిడ్‌ఫీల్డర్ రాకిటిచ్ ఇద్దరూ లోతుగా, అంటే తమ డిఫెండర్లకు దగ్గరగా ఆడారు. అర్జెంటీనా మ్యాచ్‌కు కోచ్ దాలిచ్ బ్రొజొవిచ్‌ను వాళ్ల వెనక దించాడు, మోడ్రిచ్ ముందుకు జరిగాడు, 3-0తో గెలిచారు. ఆ మార్పు గురించి నీ వ్యాసంలో అక్షరం లేదు. కన్నీళ్ల గురించి మాత్రం రెండు పేరాలున్నాయి.

కన్నీళ్లంటే గుర్తొచ్చింది, బాల్యం. 1991 డిసెంబరులో, క్రొయేషియా యుద్ధంలో, మోడ్రిచ్ తాతను సెర్బ్ తిరుగుబాటు బలగాలు చంపాయి, అప్పుడు పిల్లాడికి ఆరేళ్లు. కుటుంబం జాదర్ నగరానికి పారిపోయి శరణార్థులుగా హోటళ్లలో ఉంది. తర్వాత హైదుక్ స్ప్లిట్ క్లబ్ బక్కపల్చగా ఉన్నాడని వద్దంది. ఇది రాయాలి, నిబ్బరంగా నాలుగైదు వాక్యాల్లో. ‘యుద్ధమే అతన్ని గొప్పవాణ్ని చేసింది’ అని మాత్రం తేల్చకు. ఆ హోటళ్లలో పెరిగిన పిల్లలు ఎందరో ఉన్నారు.

నచ్చని సంగతి కూడా రాయాలి. దినమోలో చక్రం తిప్పిన జ్‌ద్రావ్కో మామిచ్ కేసులో 2017 జూన్‌లో మోడ్రిచ్ సాక్ష్యం చెప్పాడు. ట్రాన్స్‌ఫర్ డబ్బు పంపకం ఒప్పందం ఎప్పుడు జరిగిందన్నది అక్కడి ప్రశ్న. 2018 మార్చిలో అబద్ధపు సాక్ష్యం అభియోగం మోపారు, ఆ ఏడాది చివరికి అది వీగిపోయింది. సొంత దేశంలో జనం తిట్టుకుంటున్న ఆ రోజుల్లోనే జట్టును ప్రపంచకప్ ఫైనల్‌కు తీసుకెళ్లాడు. అభియోగం రాసి అది వీగిపోయిందని రాయకపోతే తప్పు, మొత్తం దాచేసినా తప్పే.

అంకెల విషయంలో ఒళ్లు దగ్గర పెట్టుకో. పాస్‌లలో 90 శాతం చేరాయన్న మాటకు విడిగా అర్థం లేదు. ప్రతిదీ వెనకున్న డిఫెండర్‌కే ఇచ్చేవాడికి 95 వస్తుంది. ముందుకిచ్చినవి ఎన్ని, ఒత్తిడిలో ఇచ్చినవి ఎన్ని అని విడదీయి. మొత్తాలు కాక 90 నిమిషాలకు ఎంతో లెక్కకట్టు, లేకపోతే 2023-24లో తరచూ బెంచి మీద నుంచి వచ్చిన మోడ్రిచ్ ఊరికే చిక్కిపోయినట్టు కనిపిస్తాడు. ‘కీ పాస్’ (సహచరుడు గోల్ మీదికి కొట్టేలా అందించిన పాస్), ‘టాకిల్’ (ప్రత్యర్థి కాలి దగ్గర నుంచి బంతి లాక్కోవడం) లాంటివాటిని ఒక్కో డేటా సంస్థ ఒక్కోలా లెక్కేస్తుంది, రెండు సంస్థల అంకెలు ఒకే పట్టికలో కలపకు. కొన్న ధరకు ముందు ‘దాదాపు’ పెట్టు. షరతుల మీద తర్వాత ఇచ్చే డబ్బు ఒకరు కలుపుతారు, ఒకరు కలపరు.

చివరి దశను వీడ్కోలు పాటలా రాశావు. 2024 జూన్ 24న యూరో కప్‌లో, లైప్‌జిగ్‌లో ఇటలీ మీద పెనాల్టీ పోగొట్టుకుని నిమిషం తిరక్కముందే గోల్ కొట్టాడు, 38 ఏళ్ల వయసులో. 2025 వేసవిలో ఇటలీ క్లబ్ ఏసీ మిలాన్‌లో చేరాడు. పరుగు తగ్గినవాడు ఇంకా ఎలా ఆడగలుగుతున్నాడన్నది సాంకేతికమైన ప్రశ్న. 2011 మ్యాచ్ ఒకటి, మిలాన్ మ్యాచ్ ఒకటి పక్కపక్కన పెట్టి, తల తిప్పిన గడి, టచ్‌ల గడి పోల్చు. జవాబు అక్కడ దొరకాలి, దొరక్కపోతే ఆ పేరా తీసేయి.

వ్యాసం ఇప్పుడే తిరగరాయకు. ముందు ఓల్డ్ ట్రాఫోర్డ్ మ్యాచ్‌ను 59వ నిమిషం నుంచి చివరిదాకా చూసి, ఆ పట్టిక నింపి పంపు. ‘కనపడలేదు’ గడులు ఎన్నున్నా ఫరవాలేదు.

ఉంటాను,
నీ అన్న