మేడ మీద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, వీల్‌చెయిర్‌లో నాన్నగారు: చట్టం పనికొస్తుందా?

మీరు అడిగింది ఇదీ: పక్షవాతం వచ్చి వీల్‌చెయిర్‌లో ఉన్న నాన్నగారు గిఫ్ట్ డీడ్ రాయాలి, ఆఫీసు మేడ మీద, లిఫ్ట్ లేదు, అడిగితే "నలుగురు మనుషుల్ని పెట్టి ఎత్తుకురండి" అంటున్నారు, వికలాంగుల చట్టం ఇక్కడేమైనా పనిచేస్తుందా అని. చేస్తుంది. కాకపోతే మీకున్నవి రెండు పనులు, రెండింటినీ ఒకే అర్జీలో కలపకండి. నాన్నగారి సంతకం వెంటనే అయిపోవాలి, బిల్డింగు మారడానికి నెలలు పడుతుంది. కలిపి రాశారంటే "ర్యాంపు కోసం పైకి రాశామండీ, శాంక్షన్ రావాలి" అన్న ఒక్క మాటతో రెండూ ఆగిపోతాయి.

సంతకానికి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే దారి ఉంది, సెక్షన్ 38. ఒంట్లో శక్తి లేక, ప్రమాదమో తీవ్రమైన ఇబ్బందో పడకుండా ఆఫీసుకి రాలేని మనిషి రానక్కర్లేదు. సబ్ రిజిస్ట్రార్ ఇంటికి రావాలి, లేదా కమిషన్ మీద, అంటే తన తరఫున అధికారం ఇచ్చి, ఇంకొకరిని పంపాలి. ప్రైవేట్ అటెండెన్స్ అని అడగండి, దానికి వేరే ఫీజు ఉంటుంది. సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ గానీ డాక్టరు రాసిచ్చిన కాగితం గానీ జతచేసి, అర్జీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మెట్ల మీద ఎత్తుకెళ్ళడానికి మాత్రం ఒప్పుకోకండి. పక్షవాతం వచ్చిన వైపు చెయ్యి పట్టుకుని లాగితే భుజం కీలు జారే ప్రమాదం ఉంది, ఆ నొప్పి ఒక పట్టాన వదలదు.

ఇక బిల్డింగు సంగతి. యాక్సిడెంట్‌లో వెన్నెముక దెబ్బతిన్నప్పటి నుంచి నేనూ వీల్‌చెయిర్‌లోనే ఉన్నాను. మా దగ్గర ఒక మండల ఆఫీసుకి ముందు మెట్లే ఉండేవి. "మీరు లోపలికి రావడమెందుకు సార్, చెట్టు కింద ఉండండి, మేమే వచ్చి కాగితాలు తీసుకుంటాం" అనేవాళ్ళు, మర్యాదగానే. కానీ లోపల కౌంటర్ దగ్గర నిలబడినవాళ్ళు మెడ సాచి స్క్రీన్ చూస్తూ "ఆ సర్వే నంబరు తప్పు కొట్టారండీ, ఇంటిపేరు అది కాదండీ" అని అక్కడికక్కడే దిద్దించుకుంటుంటే, నా పేరు మీద లోపల ఏం టైపు చేస్తున్నారో బయట ఉన్న నాకు తెలిసేది కాదు. తప్పు పడితే మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ ఆటో. అందుకే "మేమే కిందికి వస్తాంగా" అన్న మాటతో సరిపెట్టుకోవద్దంటాను.

2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 45 ప్రకారం, అప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలన్నిటినీ రూల్స్ వచ్చిన అయిదేళ్ళలో అందరూ వాడుకునేలా మార్చాలి. రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి, అంటే గడువు 2022లోనే అయిపోయింది. నేను అది రాసి ఆ మండల ఆఫీసులో అర్జీ ఇచ్చాను, జవాబు లేదు. తర్వాత ఆర్టీఐ కింద ఈ భవనానికి యాక్సెసిబిలిటీ ఆడిట్ (వికలాంగులు వాడుకోగలరా అన్న తనిఖీ) జరిగిందా, ఎంత డబ్బు మంజూరైంది అని అడిగాను. ఆ జవాబు, మెట్ల ఫోటోలు కలిపి వికలాంగుల రాష్ట్ర కమిషనర్‌కి ఫిర్యాదు పంపాను. లాయరు అక్కర్లేదు. కమిషనర్‌కి విచారణలో సివిల్ కోర్టుకుండే అధికారాలున్నాయి, అక్కడి నుంచి నోటీసు వచ్చాక గానీ కదలిక రాలేదు.

వచ్చిన ర్యాంపు ఎలా ఉందంటే, మెట్ల పక్కన నిటారుగా సిమెంటు పోసి, పైన నున్నటి టైల్స్ అంటించారు. ఎక్కుతుంటే ముందు చక్రాలు గాల్లోకి లేచి కుర్చీ వెనక్కి ఒరిగిపోయేది. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలి, అంటే అరుగు ఒకటిన్నర అడుగు ఎత్తుంటే ర్యాంపు 18 అడుగులు. టేపు పెట్టి కొలిచి, ఆ ఫోటో పంపి మళ్ళీ రాస్తే పగలగొట్టి, మలుపు తిప్పి, రెండు వైపులా రెయిలింగ్‌తో కట్టారు. ఇలాంటి కొలతలన్నీ తప్పనిసరి చేయకుండా సలహాలుగా వదిలేసిన, ఆ 2017 రూల్స్‌లోని 15(1)ని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో చెల్లదంది. ఆ తీర్పుకి ఆధారమైన రిపోర్టు మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిందే. మీ అర్జీలో ఈ తీర్పు తేదీ కూడా రాయండి.

మీ ఆఫీసు మేడ మీద ఉంది కాబట్టి ర్యాంపు అడిగితే లాభం లేదు, లిఫ్టుకేమో డబ్బుల్లేవంటారు. కింద ఒక గదిలో కంప్యూటరు, వేలిముద్రల మెషీన్ పెట్టి ఒక కౌంటర్ నడపమని అడగండి. 2016 చట్టంలోనే సెక్షన్ 3 అవసరానికి తగ్గ వెసులుబాటు ఇవ్వాలంటోంది, దీనికి పెద్ద ఖర్చూ లేదు. సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో (ఆంధ్రాలో అయితే పీజీఆర్‌ఎస్‌లో) కూడా ఒక కాపీ ఇవ్వండి, నంబరు వస్తుంది. వీలైతే మీ ఊరి వికలాంగుల సంఘం వాళ్ళతో కలిసి వెళ్ళండి, ఒక్కరు అడగడానికీ పదిమంది అడగడానికీ తేడా ఉంటుంది.

కమిషనర్ సిఫారసు పంపితే, ఏం చర్య తీసుకున్నారో ఆ ఆఫీసు మూడు నెలల్లోపు తిరిగి చెప్పాలి, అది సెక్షన్ 81. ఆ తేదీ రాసి పెట్టుకుని, దాటిన మర్నాడే మళ్ళీ రాయండి. మీది ఏ రాష్ట్రమో చెబితే అర్జీ నమూనా ఇక్కడే పెడతాను.