మలేరియా మాత్రలు వాడుతుంటే మూత్రం రంగు మారిందా? అదే రోజు డాక్టరుకు చూపించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా వారికి 38 ఏళ్లు. చలిజ్వరం వస్తే రక్తపరీక్ష చేసి వైవాక్స్ మలేరియా అన్నారు. క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు వాడమన్నారు. మూడో రోజుకే జ్వరం తగ్గిపోయింది. ప్రైమాక్విన్ వేసుకున్నప్పుడల్లా కడుపులో తిప్పుతోందంటున్నారు. నిన్నటికి 5 రోజులు వేసుకున్నారు. జ్వరం లేదు కాబట్టి ఆపేయొచ్చా? లేదంటే రోజు విడిచి రోజు వేసుకోవచ్చా? రెండు రోజులుగా బాగా నీరసంగా ఉన్నారు, మూత్రం కూడా కాస్త ముదురు రంగులో వస్తోంది, వేడి చేసిందనుకుంటున్నాం. ఆయన ఏం తినాలి, తలస్నానం చేయొచ్చా? నిన్న రాత్రి నుంచి మా ఆరేళ్ల బాబుకు కూడా జ్వరం. ఇంట్లో క్లోరోక్విన్ మాత్రలు రెండు మిగిలాయి, సగం చేసి వేయొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, తిండి, తలస్నానం సంగతి తర్వాత చూద్దాం. మూత్రం ముదురు రంగులో వస్తోందని మధ్యలో ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకు టెన్షన్ పెట్టింది ఆ ముక్కే. దానికి తోడు నీరసం. ప్రైమాక్విన్ వాడుతున్న మనిషిలో ఈ రెండూ కలిసి కనిపిస్తే వేడి చేసిందని సరిపెట్టుకోకూడదు. ఈరోజు మాత్ర వేయకండి. ఆ మాత్రలు రాసిన డాక్టరు దగ్గరికి కానీ, దగ్గర్లోని ఆసుపత్రికి కానీ ఈరోజే తీసుకెళ్లండి. రేపటిదాకా చూద్దాం అనుకోవద్దు.

కారణం చెప్తాను. ప్రైమాక్విన్ మంచి మందే, కానీ అందరి ఒంటికీ పడదు. ఎర్ర రక్తకణాల్లో జీ6పీడీ అనే ఎంజైమ్ ఉంటుంది. కొన్ని మందుల ధాటికి కణం చితికిపోకుండా కాపాడేది అదే. పుట్టుకతోనే ఇది తక్కువగా ఉన్నవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే తిరుగుతుంటారు, తమకు ఆ లోపం ఉన్నట్టే వాళ్లకు తెలియదు. ప్రైమాక్విన్ లోపలికి వెళ్లాకే బయటపడుతుంది. రక్తకణాలు పగిలిపోతాయి, వాటిలోని హిమోగ్లోబిన్ మూత్రంలోకి దిగుతుంది. సాధారణంగా మందు మొదలుపెట్టిన మొదటి వారంలోనే ఇది జరుగుతుంది. మీ వారు సరిగ్గా ఆ రోజుల్లోనే ఉన్నారు.

శుభ్రమైన గాజు గ్లాసులో కొద్దిగా మూత్రం పట్టి, కిటికీ దగ్గర వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. చిక్కటి పసుపు రంగులో ఉంటే నీళ్లు తక్కువై ఉండొచ్చు, కామెర్లు కూడా కావచ్చు. టీ డికాక్షన్‌లా ఎర్రగా, గోధుమరంగులో ఉంటే రక్తకణాలు పగులుతున్నాయని అనుమానించాలి. అలాగే కింది కనురెప్ప లాగి లోపలి భాగం పాలిపోయిందేమో, కంటి తెల్లగుడ్డు పచ్చబడిందేమో, పెదవులు నీలంగా మారాయేమో చూడండి. ఆయాసం, గుండెదడ, నడుం నొప్పి ఉంటే ఇంకా తొందరపడాలి. అయితే మనిషిని చూడకుండా ఇది ఫలానా అని నేను తేల్చలేను. గ్లాసులో రంగు మామూలుగా కనిపించినా ఆసుపత్రికి వెళ్లడం మానొద్దు. హిమోగ్లోబిన్, బిలిరుబిన్ (కామెర్లు తెలిపేది), క్రియాటినిన్ (కిడ్నీల పని తెలిపేది) చూస్తే అక్కడి డాక్టరుకు విషయం అర్థమవుతుంది.

ప్రైమాక్విన్ మొదలుపెట్టే ముందు జీ6పీడీ పరీక్ష చేశారా? మీరు ఆ ఊసే ఎత్తలేదు. చేసి ఉంటే ఆ కాగితం వెంట తీసుకెళ్లండి. చేయకపోతే ఆ మాట అక్కడి డాక్టరుకు చెప్పండి. ఒక చిక్కుంది. కణాలు పగులుతున్న సమయంలో ఈ పరీక్ష చేస్తే, లోపం ఉన్నా మామూలుగా ఉందని రావచ్చు. ఎంజైమ్ తక్కువగా ఉన్న పాత కణాలు అప్పటికే పోయి, కొత్తవి మిగిలి ఉంటాయి కాబట్టి. అందుకే నార్మల్ అని రాగానే అదే మాత్ర మళ్లీ మొదలుపెట్టేయకూడదు. ఆయన వేరే మందులేవైనా వాడుతుంటే, ముఖ్యంగా సల్ఫా మాత్రలు, డాప్సోన్ లాంటివి, అవి కూడా చూపించండి.

ఇక ఆపేయొచ్చా అన్నారు. ఈరోజు ఆపమన్నది మూత్రం రంగు వల్లే తప్ప, జ్వరం తగ్గింది కాబట్టి కాదు. ఈ రెండూ కలిపేసుకోకండి. క్లోరోక్విన్ రక్తంలో ఉన్న క్రిములను చంపుతుంది, జ్వరం తగ్గేది దానివల్లే. వైవాక్స్ క్రిములు కొన్ని కాలేయంలో నిద్రపోతుంటాయి. క్లోరోక్విన్ వాటిని ఏమీ చేయలేదు. కొన్ని వారాలకో, కొన్ని నెలలకో అవి లేచి మళ్లీ జ్వరం తెప్పిస్తాయి. దోమ కొత్తగా కుట్టనక్కర్లేదు. ప్రైమాక్విన్ ఇచ్చేది ఆ నిద్రపోయేవాటి కోసమే. కాబట్టి జీ6పీడీ లోపం లేదని తేలితే, డాక్టరు మళ్లీ మొదలుపెట్టమంటే, కోర్సు పూర్తి చేయాల్సిందే. లోపం ఉంటే 14 రోజుల పద్ధతి పనికిరాదు. కొందరికి వారానికొకసారి చొప్పున 8 వారాలు, దగ్గరుండి గమనిస్తూ ఇచ్చే పద్ధతి ఒకటుంది. అది డాక్టరు నిర్ణయం. మీ అంతట మీరు రోజు విడిచి రోజు వేయడం దాంతో సమానం కాదు.

ఇంకో అనుమానం. మూడు రోజుల క్లోరోక్విన్ పూర్తయితే రెండు మాత్రలు ఎలా మిగిలాయి? పెద్దవాళ్లకు మామూలుగా రాసేది మొదటి రోజు 4, రెండో రోజు 4, మూడో రోజు 2. జ్వరం తగ్గిందని మూడో రోజువి వదిలేశారేమో గుర్తు చేసుకుని, దాచకుండా డాక్టరుకు చెప్పండి.

ఆ రెండు మాత్రలూ బాబుకు వేయకండి. సగం కాదు, పావు కూడా వద్దు. కోప్పడుతున్నానని అనుకోకండి, దీని మీద నేను ప్రతి తల్లికీ ఇంత గట్టిగానే చెప్తాను. క్లోరోక్విన్ మోతాదు పిల్లల బరువును బట్టి లెక్కకట్టాలి. కొన్ని స్ట్రిప్పుల మీద 250 అని ఉంటుంది, అది లవణం బరువు, లోపల అసలు మందు 150 మిల్లీగ్రాములే. ఏ అంకె పట్టుకుని సగం చేస్తారు? పిల్లల్లో ఈ మందు కాస్త ఎక్కువైనా గుండె లయ తప్పొచ్చు. పసిపిల్లలకు ఒకటి రెండు మాత్రలే ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. మిగిలినవి పిల్లలకు అందని చోట పెట్టి, వెళ్లేటప్పుడు పట్టుకెళ్లండి.

మోతాదు సరిపోయిందనే అనుకుందాం. బాబుది మలేరియానే అని ఎవరు చెప్పారు? తండ్రికి వైవాక్స్ వచ్చిందని కొడుక్కీ అదే రావాలని లేదు. ఫాల్సిపేరం అనే ఇంకో రకం మలేరియా అయితే ప్రపంచంలో చాలాచోట్ల దానికి క్లోరోక్విన్ పనిచేయదు, ఆర్టెమిసినిన్ కలిసిన మందులు ఇవ్వాలి. సరైన మందు పడకపోతే ఫాల్సిపేరం 24 గంటల్లోనే ముదిరిపోవచ్చు. ఒకసారి ఒక తల్లి పాపను భుజాన వేసుకుని వచ్చింది. మడతపెట్టిన కాగితంలో అంతకుముందు తన భర్తకు మిగిలిన మాత్రలు. రెండు రోజులు వాటిని నూరి తేనెలో కలిపి నాకించింది. పాప పిలిస్తే కళ్లు తెరవడం లేదు. పరీక్షలో ఫాల్సిపేరం తేలింది. పాప కోలుకుంది, కానీ మొదటి రోజే ఒక చుక్క రక్తం పరీక్ష చేయించి ఉంటే మాత్రలతోనే పోయే జ్వరానికి ఐసీయూ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ తల్లి నిర్లక్ష్యం చేసిన మనిషి కాదు. మీలాగే మంచి చేస్తున్నాననుకుంది.

బాబుకు ఈరోజే రక్తపరీక్ష చేయించండి. వాళ్ల నాన్నతో పాటే తీసుకెళ్లొచ్చు. ఈలోగా జ్వరానికి బరువుకు తగ్గ పారాసిటమాల్ ఇవ్వొచ్చు, ఆస్పిరిన్ వద్దు. తాగింది తాగినట్టే కక్కేస్తున్నా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఎగశ్వాస కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. వాళ్ల నాన్నకు జీ6పీడీ లోపం ఉందని తేలితే బాబుకూ ఉంటుందని కంగారుపడకండి. ఆ లోపం తండ్రి నుంచి కొడుక్కి రాదు, తల్లి వైపు నుంచి వస్తుంది. అందుకే బాబుకు ప్రైమాక్విన్ అవసరమైతే నాన్న రిపోర్టు చూసి సరిపెట్టకుండా, వాడికి విడిగా పరీక్ష చేయాలి.

మీరు అడిగినవి: పథ్యం ఏమీ లేదు, సహించింది తినొచ్చు, నీళ్లు బాగా తాగాలి. కళ్లు తిరగకపోతే తలస్నానం చేయొచ్చు. ప్రైమాక్విన్ పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, భోజనం చేశాక వేసుకుంటే చాలామందికి ఆ బాధ తగ్గుతుంది. కానీ అది డాక్టరు మళ్లీ మొదలుపెట్టమన్నాకే. బయలుదేరేటప్పుడు రెండు స్ట్రిప్పులూ, మొదటి రక్తపరీక్ష కాగితమూ సంచిలో వేసుకోండి.