బ్రాంచీల్లో ఉన్న సర్వర్లను హెడ్డాఫీసు నుంచే అప్‌గ్రేడ్ చేయడానికి మంచి టూల్ ఏది?

ఇరవై ఎనిమిది బ్రాంచీలు, ఒక్కదాంట్లోనూ ఐటీ మనిషి లేడు, అన్నీ హైదరాబాదులో కూర్చునే చేయాలి, ఏ టూల్ కొనమంటారు అని అడిగారు. టూల్ సంగతి తర్వాత చూద్దాం. మీ బ్రాంచిలో సర్వర్ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఆయన ఫోన్ నంబరు మీ దగ్గర ఉందా? లేకపోతే ఏ టూల్ కొన్నా డబ్బు దండగే.

ఎరువులు, పురుగుమందులు అమ్మే ఒక కంపెనీలో తొమ్మిదేళ్ళు సిస్టమ్ అడ్మిన్‌గా చేశాను. రెండు రాష్ట్రాల్లో కలిపి 31 డిపోలు. డిపోకో టవర్ సర్వర్, దాని మీదే బిల్లింగు, స్టాకు లెక్కలు. కాగితాల మీద సర్వర్ రూము అని రాసుకునేవాళ్ళం గానీ అది గోడౌన్‌లో ఓ మూల. యూరియా దుమ్ము చెమ్మ పీల్చుకుని ఫ్యాన్లకు అట్టలు కట్టేది. ఏసీ శాంక్షన్ అయితే అది వెళ్ళి మేనేజరు గారి గదిలో కూర్చునేది. ఒక చోట సర్వర్ నెత్తిన వినాయకుడి పటం పెట్టి రోజూ అగరొత్తులు వెలిగించేవారు. తీయించే ధైర్యం నాకు లేకపోయింది. ఆ డిపో సర్వర్ ఒక్కసారి కూడా చెడిపోలేదు, అది వేరే విషయం.

మా డిపో సర్వర్లలో ఉన్న విండోస్ సర్వర్ 2008 ఆర్2కి సపోర్టు 2020 జనవరి 14తో ముగిసింది. ఆరోజు భోగి. పాతసామాను మంటల్లో వేసే రోజునే మైక్రోసాఫ్ట్ వాడూ చూసుకున్నాడని మా టీంలో నవ్వుకున్నాం. అప్పటికి 30 డిపోల్లో అప్‌గ్రేడ్ అయిపోయింది. మిగిలింది టెక్కలి ఒక్కటే. అక్కడి మేనేజరు గారు ఎప్పుడు అడిగినా "ఇప్పుడా? సీజన్‌లోనా?" అనేవారు. ఖరీఫ్‌లో అదే మాట, రబీలో అదే మాట. చివరికి భోగి నాడు డిపో మూసి ఉంటుంది, చేసుకోమన్నారు. అని ఆయన అత్తారింటికి వెళ్ళిపోయారు.

ఇన్‌స్టలేషన్ ఫైలు ఐదు జీబీ దాకా ఉంటుంది. టెక్కలి లైను 2 ఎంబీపీఎస్. ఎక్కడా తెగకుండా నడిస్తే ఐదున్నర గంటలు, కానీ అది ఏనాడూ తెగకుండా నడిచిన లైను కాదు. మూడు రాత్రులు రోబోకాపీ (విండోస్‌లో ఫైళ్ళు కాపీ చేసే ప్రోగ్రాం) పెట్టి చూసి విసుగెత్తి, విశాఖ నుంచి డీఏపీ బస్తాలతో వెళ్ళే లారీ డ్రైవరు చేతికి పెన్‌డ్రైవ్ ఇప్పించాను. పొద్దున బయల్దేరింది, మధ్యాహ్నానికి అందింది. మా నెట్‌వర్క్ కాంట్రాక్టర్‌కి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

భోగి రోజు పది గంటలకు మొదలుపెట్టాను. బ్యాకప్ ముందురోజే తీశాను. (బ్యాకప్ డిస్కులో ఏముందో కూడా చూసుకోండి. ఇంకో డిపోలో దాన్నిండా మేనేజరు గారబ్బాయి సినిమాలే ఉన్నాయి.) సెటప్ నడిచింది, ఫైళ్ళు కాపీ అయ్యాయి, సర్వర్ రీస్టార్ట్ అయింది. పింగ్ ఆగింది, అంటే నెట్‌వర్క్‌లో పిలిస్తే సర్వర్ పలకడం లేదు. ఇరవై నిమిషాలు రాలేదు. నలభై నిమిషాలు రాలేదు. గంట దాటింది.

ఇలాంటి అవసరానికే సర్వర్ వెనక రిమోట్ మేనేజ్‌మెంట్ పోర్టు ఉంటుంది. మాకూ ఉంది. కానీ దాన్లోంచి స్క్రీన్ కనబడాలంటే విడిగా లైసెన్స్ కొనాలి. కొనుగోళ్ళ విభాగం వాళ్ళు ఆ ఒక్క లైను కొట్టేసి, ఎంత మిగిల్చామో చూడమన్నారు. అందుకని నాకు కనబడింది మూడే ముక్కలు: కరెంటు ఉంది, సర్వర్ ఆన్‌లో ఉంది, లోపల వేడి మామూలుగా ఉంది. లోపల ఏం జరుగుతోందో తెలియదు. అప్‌గ్రేడ్ నడుస్తోందేమో, ఆపితే మొత్తం పోతుందేమో. పవర్ ఆఫ్ మీదికి మౌస్ తీసుకెళ్ళడం, వెనక్కి తీసుకోవడం, ఇదే పని.

తాళాలు అటెండరు దగ్గర ఉన్నాయి. అరవైకి దగ్గరపడిన మనిషి, నేను బాబాయ్ అంటాను. ఫోన్ చేస్తే తలంటు పోసుకుని ఉన్నాడు. తల ఆరకముందే పక్క ఊరి నుంచి టీవీఎస్ బండి మీద వచ్చాడు. గోడౌన్‌లో సిగ్నల్ ఉండదు. లోపలికి వెళ్ళి చూసి, బయట చింతచెట్టు దాకా వచ్చి నాతో మాట్లాడి, మళ్ళీ లోపలికి.

"తెర నల్లగా ఉన్నాది బాబూ. తెల్లచ్చరాలేటో ఉన్నాయి."

ఫొటో తీసి పంపమన్నాను. వచ్చింది. విండోస్‌కీ దానికీ సంబంధమే లేదు. డిస్కులన్నిటినీ కలిపి నడిపే రెయిడ్ కార్డు మీద ఉండే చిన్న బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. బ్యాటరీ లేదు, ముందుకెళ్ళాలంటే ఏదో ఒక కీ నొక్కు అని అడుగుతూ నిలబడి ఉంది, అంతే. ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో ఒక తప్పు చేశాను. "ఏం లేదు బాబాయ్, బొత్తాం నొక్కు చాలు" అన్నాను.

లోపలికి వెళ్ళి రెండు నిమిషాల్లో వచ్చాడు. "నొక్కీసినాను బాబూ. ఆరిపోనాది."

ఆయన కంటికి ఆ డబ్బా మీద ఉన్న బొత్తాం ఒక్కటే, ముందువైపు పవర్ బటన్. తప్పు ఆయనది కాదు, నాది. అసలు అక్కడ కీబోర్డే లేదు, దాన్ని ఎవరో ఎక్కడికో పట్టుకెళ్ళి ఏళ్ళయింది. అదృష్టం బాగుండి ఆ టైములో డిస్కు మీద ఏమీ నడవడం లేదు కాబట్టి బతికిపోయాం. మళ్ళీ ఆన్ చేయించాను, మళ్ళీ అదే ప్రశ్న దగ్గర ఆగింది. ఇప్పుడు కీబోర్డు కావాలి. బిల్లింగు కౌంటర్ మీది కీబోర్డు పట్టుకొచ్చాడు, దానికి గుండ్రటి పిన్ను, సర్వర్‌కి ఆ రంధ్రమే లేదు. మేనేజరు గారి గది తాళం తీయించి అక్కడి యూఎస్‌బీ కీబోర్డు తెప్పించాను. ఈసారి పొడుగాటి మీట అని చెప్పాను. స్పేస్ బార్ నొక్కాడు. కదిలింది.

అప్‌గ్రేడ్‌లో ఇంకో రెండు రీస్టార్ట్‌లు ఉన్నాయి. రెండుసార్లూ అదే ప్రశ్న, రెండుసార్లూ ఆయన చేత్తోనే జవాబు. రాత్రి ఎనిమిదింటికి అయింది. సాయంత్రం మనవరాలికి భోగిపళ్ళు పోశారట, ఈయన లేకుండానే.

ఆ సర్వర్ 400 రోజులుగా ఆగకుండా నడుస్తోందని అంతకుముందు నెలే మీటింగులో గొప్పగా చెప్పాను. ఇప్పుడు ఎవరైనా అప్‌టైం గురించి గొప్పలు చెబితే నాకు నవ్వొస్తుంది. 400 రోజులు ఆగలేదంటే 400 రోజులు ప్యాచ్‌లు (మైక్రోసాఫ్ట్ పంపే దిద్దుబాట్లు) సరిగ్గా పడలేదనీ, మళ్ళీ లేస్తుందో లేదో ఎవరికీ తెలియదనీ అర్థం. అప్‌గ్రేడ్‌కి వారం ముందు, ఏమీ మార్చకుండా, ఊరికే ఒక్కసారి రీస్టార్ట్ చేసి చూడండి. చచ్చిన బ్యాటరీ, ఆగిపోయిన ఫ్యాన్, ప్రాణం మీదికొచ్చిన డిస్కు, అన్నీ ఆరోజే బయటపడతాయి. నేను 30 డిపోల్లో ఇది చేయకుండా నెట్టుకొచ్చాను. ముప్పై ఒకటోది పట్టుకుంది.

ఆయనకు 500 రూపాయలు ఇవ్వమని అకౌంట్స్‌కి రాశాను. బిల్లు అడిగారు. పండగ పూట స్పేస్ బార్ నొక్కినందుకు బిల్లు ఎవరిస్తారండీ? చివరికి టీ ఖర్చుల కింద చూపించి ఇప్పించాను. ఇదే కంపెనీ లారీ టైరు పేలితే ఫోన్ మీద డబ్బు పంపుతుంది. యూపీఎస్ బ్యాటరీకి మాత్రం మూడు కొటేషన్లు కావాలి.

యూపీఎస్ అంటే గుర్తొచ్చింది, ఎర్తింగ్ కూడా చూడండి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఖమ్మం వైపు ఒక డిపోలో ఎండాకాలం 14 చూపించింది. ఎర్త్ గుంతలో రోజుకు రెండు బిందెల నీళ్ళు పోయించాను, దిగింది. ఆ డిపోలో వరసగా రెండు పవర్ సప్లైలు కాలిపోతే సర్వర్ కంపెనీ వాడిని తిట్టాం, పాపం.

"ఇదంతా ఎందుకు, క్లౌడ్‌లో పెట్టేయండి" అనే వాళ్ళు వస్తారు. వాళ్ళు సగం కరెక్టు. నిజంగా అక్కర్లేని చోట సర్వర్ ఉంచకండి. ఎరువుల అమ్మకం 2018 నుంచి ఎలాగూ పీవోఎస్ యంత్రం మీదే, మా బిల్లింగు కూడా తర్వాత హెడ్డాఫీసుకి మార్చాం. ఒకసారి తెగితే పొద్దంతా లైను రాని ఆరు డిపోల్లో మాత్రం సర్వర్ ఉంచాం. అందులో టెక్కలి ఒకటి. భోగి నాడు పాత యంత్రానికి డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దొరకదేమోనన్న భయంతో విండోస్ సర్వర్ 2012 ఆర్2 దగ్గరే ఆగాను. ఆ పిరికితనానికి ఫలితంగా 2023 అక్టోబరు 10న దాని సపోర్టు కూడా అయిపోయి, మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి కొత్త యంత్రం కొనిపించాను, స్క్రీన్ లైసెన్స్‌తో సహా. పవర్ బటన్ మీద ఎర్ర స్టిక్కరు, కీబోర్డుకి కట్టిన పచ్చ రిబ్బను. ఫోన్‌లో బొత్తాం అన్న మాట నేను మళ్ళీ వాడలేదు. ఎరుపు ముట్టుకోవద్దు, పచ్చది నొక్కు, అంతే.

టూల్ అంటారా? ప్యాచ్‌లకు డబ్ల్యూఎస్‌యూఎస్ (వాటిని మన సర్వర్లకు పంచిపెట్టే మైక్రోసాఫ్ట్ టూల్) చాలు, పగలు లైను తినకుండా రాత్రికి పెట్టండి. గదికి తాళం సరిగ్గా లేని బ్రాంచిలో డొమైన్ కంట్రోలర్ (అందరి లాగిన్లు, పాస్‌వర్డ్‌లు చూసుకునే సర్వర్) తప్పనిసరైతే రీడ్ ఓన్లీది పెట్టండి, 2008 నుంచీ ఉంది అది, ఎవడైనా డబ్బా ఎత్తుకెళ్ళినా అందరి పాస్‌వర్డ్‌లూ వాడి చేతికి పోవు. మిగతా డబ్బుతో రిమోట్ స్క్రీన్ లైసెన్సులు, ఇరవై ఎనిమిది యూఎస్‌బీ కీబోర్డులు కొనండి. మీ లైను స్పీడెంతో, యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడు మార్చారో రాస్తే మిగతాది చెప్తాను.