కెరటానికి పటం కట్టించే ముందు

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

సోఫా వెనక గోడంతా నిండేలా జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన కెరటం బొమ్మ పెట్టుకుంటానని రాశావు. బొమ్మ మంచిదే ఎంచుకున్నావు. కానీ గోడంత వద్దు తల్లీ.

హొకుసాయ్ దాన్ని 1831 ప్రాంతంలో, డెబ్బై ఏళ్ల వయసులో గీశాడు. ఫుజి పర్వతపు ముప్పై ఆరు దృశ్యాలని పేరు పెట్టిన వరుసలోది అది. చివరికి ఆ వరుస 46 బొమ్మలయింది. మన పెడన అద్దకాలలాగే చెక్క మీద చెక్కిన అచ్చులతో, ఒక్కో రంగూ విడివిడిగా అద్దిన పని. అసలు కొలత అడ్డం సుమారు 38, నిలువు 26 సెంటీమీటర్లు, అంతే. ఆనాటి ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో, ఇలాంటి అచ్చులను జనం చేతుల్లోకి తీసుకుని దగ్గరగా చూసేవారు. అలా చూస్తేనే పడవల్లో ముందుకు వంగి అతుక్కుపోయిన మనుషులు కనిపిస్తారు. కెరటాల నడుమ చిన్నగా నిలిచినది మరో కెరటం కాదు, మంచు కప్పిన ఫుజి అని తెలుస్తుంది. బాగా పెంచి అచ్చు వేస్తే సన్నని గీతలు మొద్దుబారతాయి; నువ్వూ దూరం జరిగి చూడాల్సి వస్తుంది. అసలు కొలతకు దగ్గరగా ఉన్న నకలునే కొను.

కొనేటప్పుడు ఎడమవైపు పైమూల చూడు. బొమ్మ పేరూ చిత్రకారుడి సంతకమూ అక్కడ ఉండాలి. కెరటం పెద్దగా కనబడాలని చాలామంది అంచులు కత్తిరించి అమ్ముతారు. ఆకాశం లేని ఆ కెరటానికి ఎత్తు తెలియదు.

పటం కట్టేవాళ్లు జిగురుతో అట్టకు అంటిస్తామంటే ఒప్పుకోకు. హిరోషిగే అనే మరో జపాన్ చిత్రకారుడి వాన బొమ్మ నకలొకటి నేనలాగే కట్టించాను. రెండో వానాకాలానికి కాగితం ఉబ్బి, గోధుమరంగు మరకలు తేలాయి. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆమ్లం లేని అట్ట అడిగి తీసుకో. పల్చని కాగితపు ముక్కలు రెండు మైదా ఉడికించిన జిగురుతో పై అంచుకు మాత్రమే అతికిస్తే చాలు, బొమ్మ వేలాడుతుంది. చుట్టూ తెల్లని మౌంటు, అంటే నడుమ కిటికీలా కోసిన అట్ట, వేయించు. అద్దం కాగితానికి తగలకుండా ఉంటుంది. ఫ్రేము సన్నని చెక్కది చాలు. బంగారు రంగు నగిషీ వద్దు.

ఎండ పడే గోడా, స్నానాలగది వెనక చెమ్మగోడా వద్దు. ఇలాంటి అసలు అచ్చులను మ్యూజియంవాళ్లు కొద్ది నెలలు చూపించి మళ్లీ చీకట్లో దాచేస్తారు; వెలుతురు రంగులను తినేస్తుంది. సోఫా వెనక పెడితే ఎవరూ దగ్గరికి వెళ్లలేరు. నువ్వు రాసుకునే బల్ల పక్కన, కంటి ఎత్తులో తగిలించు.

బొమ్మ వచ్చాక కుడి అంచు నుంచి ఎడమకు చూడు; జపాన్‌వాళ్లు సంప్రదాయంగా చదివే దిశ అది. ముందు పడవలు, మనుషులు ఎదురై, ఆ తర్వాత కెరటం మీద పడుతుంది. మూడు పడవల్లో ఎన్ని తలలు లెక్కకు వచ్చాయో నాకు రాయి.

మీ పెద్దమ్మ