డాకింగ్ కోర్సుకు 60 వేలు కట్టాలా?

ప్రశ్న: మాది అమలాపురం. మా అమ్మాయి బీఫార్మసీ రెండో ఏడు. వైరస్‌ను కణంలోకి రానీయకుండా ఆపే మందులు కంప్యూటర్‌లో వెతికే పని నేర్చుకుంటానంటోంది. మూడు నెలల ఆన్‌లైన్ కోర్సుకు 60 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: వద్దండీ. మందు అణువు ప్రొటీన్‌లో ఎక్కడ, ఎలా కూర్చుంటుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడమే డాకింగ్. ఈ పనికి కావాల్సిన ఆటోడాక్ వైనా (డాకింగ్ చేసేది), కైమెరాఎక్స్ (అణువుల బొమ్మలు చూపేది) సాఫ్ట్‌వేర్లు విద్యార్థులకు ఉచితమే. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. ఆ డబ్బు పీజీకి దాచండి.

అమ్మాయిని ముందు పాత మందుతో చెయ్యి తిప్పుకోమనండి. హెచ్ఐవీ చాలాసార్లు కణం మీదుండే సీడీ4 ప్రొటీన్ తర్వాత సీసీఆర్5 అనే గ్రాహకాన్ని (రిసెప్టర్) పట్టుకుని కణంలోకి దూరుతుంది. 2007లో అనుమతి పొందిన మారావిరాక్ సీసీఆర్5లో కూర్చుని ఆ దారి మూసేస్తుంది. ఈ జంట నిర్మాణం ప్రొటీన్ల నిర్మాణాలు దాచే ప్రొటీన్ డేటా బ్యాంకు వెబ్‌సైట్‌లో 4ఎంబీఎస్ పేరుతో ఉంది. దించుకుని ఒక్క చెయిన్ (ఒక ప్రొటీన్ ప్రతి) ఉంచాలి. నీటి అణువుల్నీ, స్ఫటికం కోసం అతికించిన రుబ్రెడాక్సిన్ అనే వేరే ప్రొటీన్ ముక్కనూ తీసెయ్యాలి. మారావిరాక్‌ను విడదీసి, అది ఉన్నచోటే మధ్యలో ఉండేలా పక్కకు 22-25 ఆంగ్‌స్ట్రాముల (అణువుల్ని కొలిచే అతిచిన్న కొలత) వెతుకులాట పెట్టె గీసి మళ్లీ డాక్ చెయ్యాలి. అసలు స్థానానికీ కొత్త స్థానానికీ తేడా, అంటే ఆర్ఎంఎస్‌డీ, 2 ఆంగ్‌స్ట్రాముల లోపు రావాలి.

రాలేదా? ముందు మారావిరాక్ ట్రోపేన్ వలయంలోని నైట్రోజన్ చూడమనండి. శరీరంలో దానికి అదనంగా ఒక హైడ్రోజన్ ఉంటుంది, అదే సీసీఆర్5లోని గ్లుటామేట్ 283 అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుంటుంది. హైడ్రోజన్ పెట్టకుండా వదిలేస్తే వైనా ఆ నైట్రోజన్‌ను హైడ్రోజన్ బంధం ఇచ్చే దాతగా లెక్కించదు. అది సరిగానే ఉంటే వైనా ఎంత గట్టిగా వెతకాలో చెప్పే ఎగ్జాస్టివ్‌నెస్‌ను 8 నుంచి 32కి పెంచి చూడాలి.

కరోనా వైరస్ మీది స్పైక్ ప్రొటీన్, అది పట్టుకునే మన కణాల గ్రాహకం ఏసీఈ2, ఈ జంట నిర్మాణం 6ఎం0జేకి తర్వాత వెళ్లొచ్చు. అక్కడ రెండు ప్రొటీన్లు కలిసే చోటు వెడల్పుగా, దాదాపు చదునుగా ఉంటుంది. చిన్న అణువు ఇరుక్కునేంత గుంట లేదు, సరిపోల్చుకోడానికి లోపల మందూ లేదు. అయినా కరోనా రోజుల్లో పసుపు, తులసి, మిరియాలు అన్నీ స్పైక్ మీద డాక్ చేసేశారు! అణువు ఎంత గట్టిగా అతుక్కుంటుందో వైనా స్కోరు అంచనా వేస్తుంది, మైనస్‌లో ఎంత ఎక్కువైతే అంత గట్టి. అందులో 2-3 కిలోకేలరీల తప్పు మామూలే. పైగా అణువు పెద్దదైతే స్కోరు ఊరికే మెరుగ్గా కనిపిస్తుంది. మైనస్ 8 వచ్చిందని సంబరపడే ప్రాజెక్టును ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకే పక్కన పెట్టేస్తారు.

సొంత ప్రాజెక్టు కావాలంటే భీమవరం చెరువుల్ని చూడమనండి. రొయ్యల తెల్లమచ్చ వైరస్ పైపొరలోని వీపీ28 నిర్మాణం 2ఈడీ6గా ఉంది. చిక్కల్లా పరీక్ష దగ్గరే. మనిషి కణాల్లా రొయ్య కణాలు ల్యాబ్‌లో ఏళ్ల తరబడి పెరగవు, బతికున్న రొయ్యల మీదే చూడాలి. అందుకని మొదలుపెట్టకముందే ఫిషరీస్ కాలేజీలో ఒక గైడును ఒప్పించుకోవాలి.

నాలుగో ఏట ఫార్మసీ పీజీ ప్రవేశానికి జీప్యాట్ పరీక్ష రాయొచ్చు. మొహాలీలోని జాతీయ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్‌లో ఫార్మకోఇన్ఫర్మాటిక్స్ (కంప్యూటర్‌తో మందుల పరిశోధన) పీజీ ఉంది. ఈలోగా పైథాన్, అందులో అణువులతో పనిచేసే ఆర్డీకిట్ రోజుకో గంట చాలు. ఆర్గానిక్ కెమిస్ట్రీకి మాత్రం రెండు గంటలు పెట్టమనండి.